వలస పటం: ఇంటి కథను బొమ్మా రాతా కలిపి గీయడం ఎలా?

సిరిసిల్ల దగ్గర మా ఊళ్ళో, మూడో తరగతికి వచ్చేసరికే నాకొక కొలువు దొరికింది. మా వాడకట్టులో ఇంటికొక మగమనిషి భీవండిలోనో షోలాపూర్‌లోనో సూరత్‌లోనో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడు. వాళ్ళకు పోయే ఇన్‌లాండ్ లెటర్లు రాసిపెట్టడం నా పని. ఒకరోజు మా చిన్నమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని, చేతులు ఆపకుండానే చెబుతోంది: "పిల్లగానికి జెరమొచ్చి తగ్గిందని రాయి." రెండు బీడీలు చుట్టి దారం కట్టాక మళ్ళీ అంది: "వద్దు. జెరమొచ్చిందని రాయకు. తగ్గిందని ఒక్కటే రాయి." రాని జ్వరం ఎట్లా తగ్గుతుందో ఎనిమిదేళ్ళ బుర్రకు తట్టలేదు. చివరికి "పిల్లలు మంచిగున్నరు" అని రాసి జిగురు అంటించాను. అప్పటికి పిల్లాడి నుదుటి మీద తడిబట్ట ఇంకా ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత బొమ్మలు గీయడం మొదలుపెట్టినప్పుడు ఆ రెండు మాటలే నాకు దారి చూపించాయి. వలస పోయిన ఇళ్ళలో ఉత్తరానిది ఒక కథ, ఇంటిది ఇంకో కథ. ఆ రెంటినీ ఒకే బట్ట మీద పెట్టొచ్చు. పైన తడిబట్టతో పిల్లాడు, కింద "పిల్లలు మంచిగున్నరు". కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క పని కోసమే.

మనం చేయబోయేది తొమ్మిది గడుల పటం, అంటే విప్పుతూ చూపించే బొమ్మల బట్టచుట్ట. 15 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. ఆదివారాలు మాత్రమే కూర్చుంటే రెండు నెలలు పడుతుంది. చిత్రకళ చదివి ఉండక్కర్లేదు. నిలబడ్డ మనిషినీ కూర్చున్న మనిషినీ పోల్చుకునేలా గీయగలిగితే చాలు.

ముందుగా చూడాల్సినవి నాలుగు

మొదటిది మన ఇంటి ముందరిదే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు (అక్కడి చిత్రకారులు) గీసే పటం. సుమారు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవున్న బట్ట. ఎర్రటి నేల మీద గడులు గడులుగా బొమ్మలు ఉంటాయి. కథకుడు చుట్ట విప్పుకుంటూ ఒక్కో గడినీ చూపిస్తూ పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్ళు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్ళు, మాదిగలకు జాంబ పురాణం చెప్పేది డక్కలివాళ్ళు. ఏ కులం ఎక్కడ పుట్టింది, ఎన్ని తిప్పలు పడి ఇక్కడిదాకా వచ్చింది అన్నదే ఆ పటాలలో పెద్ద కథ. భీవండి దాకా వచ్చిన సంగతి మాత్రం ఏ పటంలోనూ లేదు. అది మనం గీసుకోవాల్సిందే.

రెండోది శ్రీకాళహస్తి కలంకారీ. పాత గుడి తెరలు చూస్తే రామాయణం గడుల పైన సన్నటి పట్టీలో తెలుగు రాత కనిపిస్తుంది. చేర్యాల పటానికి అంత రాత అక్కర్లేదు, ఎందుకంటే పక్కనే కథకుడు నిలబడి ఉంటాడు. గుడి తెర పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి చెప్పరు కాబట్టి తెరే మాట్లాడాలి. మన ఇళ్ళలో వలస కథ చెప్పగలిగినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అందుకే నేను గడి చేర్యాల నుంచీ రాతపట్టీ కాళహస్తి నుంచీ తీసుకున్నాను.

మూడోది అమెరికా నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1940–41లో వేసిన వలస చిత్రమాల. దక్షిణాది పత్తిచేల నుంచి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన నల్లజాతివాళ్ళ కథ అది. 12×18 అంగుళాల అట్టపలకలు 60, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల రాత. అప్పటికి ఆయన వయసు 23. ముందు లైబ్రరీలో చదివి, వాక్యాలన్నీ రాసుకొని, ఆ తర్వాతే కుంచె పట్టాడు. మొదటి చిత్రంలో స్టేషన్‌లో తోసుకుపోతున్న జనం, పైన మూడు ద్వారాలు, వాటి మీద మూడు ఊళ్ళ పేర్లు: షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయీ. ముఖాలు దాదాపు లేవు. ఊరి పేర్లే ఆ జనాన్ని లాగుతున్నట్టుంటుంది.

నాలుగోది షార్లట్ సాలమన్. ఆమె కూడా లారెన్స్ పుట్టిన 1917లోనే, బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. నాజీల నుంచి తప్పించుకొని దక్షిణ ఫ్రాన్స్‌లో తలదాచుకుంటూ 1940–42 మధ్య తన ఇంటి కథను 700కు పైగా రంగుబొమ్మలుగా వేసింది. మొదటి భాగాల్లో మాటలను విడిగా ట్రేసింగ్ పేపర్ మీద రాసి బొమ్మ మీద కప్పింది. పోనుపోను ఆ కాగితం మానేసి మాటలను బొమ్మలోనే కుంచెతో రాసింది. 1943లో ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ ట్రేసింగ్ పేపర్ ఉపాయం మనకు ఐదో అడుగులో పనికొస్తుంది.

1. ఒక్క ప్రయాణం పట్టుకోండి

"మా కుటుంబం వలస చరిత్ర" అని మొదలుపెడితే పటం ఆగిపోతుంది. ఒక మనిషి, ఒక పోక, వీలైతే ఒక రాక. అంతే. దుబాయి పోయిన అన్న కావచ్చు, పాలమూరు నుంచి మేస్త్రీ వెంట పనికి పోయిన మేనత్త కావచ్చు, డాలస్‌లో కాపురం పెట్టిన చెల్లెలు కావచ్చు. నేను తీసుకున్నది మా నాయిన భీవండి పోవడం.

ఎప్పుడు పోయాడని అడిగితే అవ్వ (మా అమ్మను మేము అలాగే పిలుస్తాం) చెప్పిన జవాబు: "బొంబాయిల మిల్లులు బందైన ఏడు." ఇంట్లో జ్ఞాపకాలకు తేదీలు ఉండవు, ఆనవాళ్ళు ఉంటాయి. బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె 1982 జనవరిలో మొదలైంది. మిల్లుల్లో ఆగిపోయిన నేత చాలావరకు భీవండి సాంచాల మీదికి మళ్ళింది. మా నాయినలాంటి వాళ్ళకు అక్కడ పని దొరకడానికి అదొక కారణం. ఈ సంగతి మా అవ్వకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. కానీ గీసేవాడికి తెలిసి ఉండాలి. ఇలాంటి ఆనవాలు ఏది దొరికినా (ఎన్నికలు, కరువు, తుఫాను) పాత పత్రికలతో సరిచూసుకొని పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. పటం మీదికి మాత్రం "మిల్లులు బందైన ఏడు" అనే ఎక్కాలి.

2. మాటలు పోగు చేయండి

ఫోన్‌లో రికార్డరు ఆన్ చేసి, "అప్పుడు నీకెట్ల అనిపించింది?" అని అడగొద్దు. "ఏమున్నది బిడ్డా, కష్టమే" అంటారు, అక్కడితో అయిపోతుంది. వస్తువుల గురించి అడగండి. పెట్టెలో ఏం పెట్టినవ్? తొవ్వలో తినడానికి ఏం కట్టిచ్చిండ్రు? పైసలు ఎక్కడ దాచుకున్నవ్? టికెటు ఎవరు కొన్నరు?

బస్సెక్కేటప్పుడు ఎవరేం మాట్లాడారని అవ్వను అడిగాను. "ఎవ్వలేం మాట్లాడలె. పెట్టెకు గూడ టికెటు గొట్టాలెనని కండక్టరు ఒకటే లొల్లి." నా మొదటి గడికి వాక్యం అక్కడే దొరికింది.

ఇంట్లో కాగితాలు ఏమున్నాయో చూడండి. ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, స్టూడియో ఫోటో వెనక రాసిన రాత, రేషన్ కార్డు. మనియార్డరు ఫారం కింద నాలుగు ముక్కలు రాసుకోవడానికి చిన్న చోటుండేది. మా నాయిన అందులో ప్రతి నెలా ఒకే మాట రాసేవాడు: "కిరాయి కట్టుండ్రి." ఆ చోటు కొలత కూడా తీసుకోండి. ఇరుకు కూడా కథలో భాగమే.

అప్పులు, గొడవలు, ఇంకో సంసారం లాంటివి బయటపడితే ఆ మనిషిని అడగకుండా బట్ట మీద పెట్టొద్దు. పాస్‌పోర్టు నంబర్లు, చిరునామాలు ఎంత అందంగా కనిపించినా చెరిపేయండి.

3. వాక్యాలు ముందు, బొమ్మలు తర్వాత

రికార్డింగు విని, వాళ్ళు పలికినట్టే కాగితం మీదికి దించండి. నాకు నలభైకి పైగా వాక్యాలు వచ్చాయి. వాటిలో తొమ్మిది మిగలాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బస్సెక్కుతున్న మనిషిని గీసి, కింద "నాయిన బస్సెక్కి భీవండి వెళ్ళాడు" అని రాస్తారు. అది పాఠ్యపుస్తకం బొమ్మ అవుతుంది.

ప్రతి వాక్యం మీద అరచేయి అడ్డం పెట్టి బొమ్మ ఒక్కటే చూడండి. బొమ్మ చెప్పేసింది రాతలో మళ్ళీ ఉంటే రాత మార్చండి. తర్వాత బొమ్మను మూసి రాత ఒక్కటే చదవండి. కథ మొత్తం అర్థమైపోతే బొమ్మకు పనిలేదని అర్థం. రెండూ తెరిచినప్పుడు మాత్రమే తెలిసేది ఏదో ఒకటి ఉండాలి.

మా మొదటి గడిలో బస్సు మెట్టు మీద నాయిన, కింద చంకలో నాతో అవ్వ, ఎవరి కళ్ళూ ఎవరినీ చూడవు. కింద "పెట్టెకు గూడ టికెటన్నడు" అని ఒక్క ముక్క. ఎవరూ మాట్లాడలేదన్న సంగతి విడిగా రాయాల్సిన పని పడలేదు.

యాస దిద్దకండి. "పోయిండు"ను "వెళ్ళాడు" చేసిన మరుక్షణం అది మీ అవ్వ మాట కాకుండా పోతుంది. ఉత్తరం నుంచి తీసుకుంటే అక్షరదోషాలు కూడా అలాగే ఉంచండి. మా నాయిన "క్షేమం" అని ఎన్నడూ సరిగ్గా రాయలేదు, ఎప్పుడూ "చేమం" అనే. పటం మీద కూడా చేమమే.

చెప్పనివి కూడా ఉంటాయి. 1984 మే నెలలో భీవండిలో మతకలహాలు జరిగాయి, బొంబాయి దాకా పాకాయి. అప్పుడు నాయిన అక్కడే ఉన్నాడు. అడిగితే "ఇంట్లనె ఉన్నం" అన్నాడు. ఇంకో ఏడు పోయాక అడిగినా అంతే. నేను ఊహించి మంటలు గీయొచ్చు. గీయలేదు. ఆ గడిని మూసిన తలుపు తప్ప ఏమీ లేకుండా వదిలి, కింద "ఇంట్లనె ఉన్నం" అని రాశాను. మీ ఇంటి కథలో కూడా ఇలాంటి గడి ఒకటి తప్పకుండా తగులుతుంది. దాన్ని నింపకండి.

4. బట్ట తయారీ

ఉతికిన ఖాదీ గానీ కోరా నూలు బట్ట గానీ 3 గజాలు తీసుకోండి. తడిస్తే కుదించుకుపోతుంది కాబట్టి అవసరమైన రెండున్నర గజాలకు అర గజం ఎక్కువ. మా సిరిసిల్ల సాంచాల మీద ఎక్కువగా వచ్చే పాలిస్టర్ దీనికి పనికిరాదు, పూత పట్టదు. చెప్పడానికి నాకే బాధగా ఉంది. వేడినీళ్ళలో నానబెట్టి, బట్టకున్న గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేయండి. 18 అంగుళాల వెడల్పున కత్తిరించండి. 15 బొమ్మకు, అటూ ఇటూ ఒకటిన్నర చొప్పున అంచుకు. ఆ అంచు ఎందుకో చివర చెబుతాను.

పూతకు 150 గ్రాముల చింతగింజలు వేయించి, రాత్రంతా నానేసి, పొట్టు తీసి మెత్తగా రుబ్బండి. లీటరు నీళ్ళలో కలుపుతూ పలచటి జావలాగా ఉడికించి వడగట్టండి. బట్టను చెక్క మీద బిగించి మొదటి పూత ఈ జావ ఒక్కటే వేయండి. ఆరాక, మూడు వంతుల జావకు రెండు వంతుల సుద్దపొడి, రెండు చెంచాల తుమ్మబంక నీళ్ళు కలిపి రెండో పూత. మళ్ళీ ఆరాక మూడోది. నకాషీల సంప్రదాయ పూత కూడా చింతగింజ, తెల్లమట్టి, గంజి, బంకలతో చేసేదే. పైన చెప్పిన పాళ్ళు మాత్రం నా చేతికి కుదిరినవి, మీ సుద్దను బట్టి మారొచ్చు. జావ మర్నాటికి పులిసిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కాచుకోండి. అన్నీ ఆరాక నున్నటి రాయితో గుండ్రంగా రుద్దితే కలం జారేంత నునుపు వస్తుంది.

సుద్ద ఎక్కువైతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా మొదటి పటాన్ని తెల్లగా మెరవాలని సుద్ద దట్టించి చేశాను. చుట్ట చుట్టి నెల తర్వాత విప్పితే నాయిన ముఖం సగం పెచ్చుగా లేచి ఒళ్ళో పడింది. అందుకని ముందే ఒక జానెడు ముక్క మీద పూత వేసి, ఆరాక వేలి చుట్టూ చుట్టి చూడండి. పగుళ్ళు కనిపిస్తే జావ పెంచండి.

ఇంత శ్రమ వద్దనుకుంటే బజారులో దొరికే కాన్వాసు ప్రైమరు పలచగా రెండు పూతలు వేసినా పని నడుస్తుంది. చింతగింజ పూత మీద అక్షరం కూర్చున్నంత బాగా దాని మీద కూర్చోదు, అంతే తేడా.

గడులు ఇలా గీసుకోండి. పైన 4 అంగుళాలు ఖాళీ. తర్వాత ఒక్కో గడికి బొమ్మ ఏడున్నర, దాని కింద రాతపట్టీ ఒకటిన్నర, మొత్తం 9. తొమ్మిది తొమ్ముల 81. అడుగున 5 అంగుళాలు. మొత్తం 90.

5. రాత ఎక్కడ పెట్టాలి?

రాతకు మూడు చోట్లు ఉన్నాయి. మూడింటికీ మూడు గొంతులు.

పట్టీలోని రాత కథ చెప్పే మనిషి గొంతు. నా పటంలో అది అవ్వ.

బొమ్మ లోపలి రాత ఆ లోకంలో నిజంగా ఉన్న రాత: బస్సు బోర్డు, దుకాణం పేరు, ఉత్తరం. భీవండి గడిలో వీధి నిండా దేవనాగరి బోర్డులు ఉండాలి. మా నాయిన పోయిన కొత్తలో ఆయనకు అవి రావు. మొదట శుద్ధంగా మరాఠీలో రాశాను, చూస్తే తప్పనిపించింది. నేను చదవగలుగుతున్నాను, ఆయన చదవలేకపోయాడు కదా. అక్షరాలను విరగ్గొట్టి, పైన గీతకు వేలాడే కొక్కేలలాగా, కండెలలాగా మార్చేశాను. ఇప్పుడు చూసేవాళ్ళు కూడా చదవలేరు. ఆ వీధిలో ఒకే ఒక్క బోర్డు చదవగలిగేలా ఉంటుంది, తెలుగువాళ్ళుండే పద్మానగర్‌లోని చాయ్ కొట్టుది. అమెరికాలో పుట్టి తెలుగు చదవడం రాని పిల్లలు గీస్తే ఇదే ఉపాయం తిరగబడుతుంది. అమ్మమ్మ ఉత్తరమే వాళ్ళకు అందమైన గీతల గుంపు. అలాగే గీయనివ్వండి.

మూడోది వస్తువు మీదో ఒంటి మీదో రాత. సాంచా నుంచి దిగే బట్టలో పడుగు పేక బదులు నాయిన ఉత్తరంలోని వాక్యాలే అడ్డంగా నేశాను. దగ్గరికి వెళితే "చేమం చేమం చేమం" అని కనిపిస్తుంది, దూరం నుంచి తెల్ల బట్టే. ఇలాంటిది పటం మొత్తానికి ఒక్కటి చాలు. ప్రతి గడిలో చేస్తే గారడీ అయిపోతుంది.

చోటు తేలకపోతే సాలమన్ దారి పట్టండి. మాటలు ట్రేసింగ్ పేపర్ మీద రాసి, బొమ్మ మీద అటూ ఇటూ జరుపుతూ వారం రోజులు చూసుకోండి. ఒక గడిలో నాకు ఆ కాగితమే నచ్చి అలాగే వదిలేశాను. ఎత్తితే బొమ్మ, దించితే ఉత్తరం. జ్వరం గడి అది.

6. తెలుగు అక్షరం కొలతలు

ఇంగ్లిషు అక్షరాలకు చెప్పే పాఠాలు ఇక్కడ పనిచేయవు. మనకు పైన గుడి, కింద ఒత్తు. పట్టీ ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. అక్షరం నడుము 8, పైన తలకట్టుకూ గుడికీ 4, కింద ఒత్తుకు 6, మొత్తం 18. రెండు వరసలకు 36. సరిగ్గా సరిపోతుంది. మూడో వరస ఇరికించారంటే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. వరసకు రెండు గీతలు కాదు, నాలుగు గీతలు కొట్టుకోండి.

మన మాటలు పొడవు. "తీసుకపోయిండంటనే" లాంటిది పట్టీ చివర వస్తే మధ్యలో తెంపొద్దు, వరస కుదించి కిందికి దించండి. ముందు కాగితం మీద అదే కొలతలో రాసి, కత్తిరించి, పట్టీ మీద పరిచి చూసుకుంటే ఈ తిప్పలుండవు.

మన అక్షరాలు గుండ్రం కాబట్టి బద్ద కుంచె కన్నా 2 నంబరు గుండు కుంచె గానీ వెదురు కలం గానీ నయం. బండి ముందుకు సాగినట్టు సున్నాలన్నీ ఒకే వైపు తిప్పండి, తలకట్లు చివర్లో వరసగా కొట్టండి. వీలైతే మీ ఊళ్ళో ఒకప్పుడు బోర్డులు రాసిన పెయింటరు దగ్గర ఒక పూట కూర్చోండి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి, అడిగితే ఆనందంగా నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత కొట్టడం నాకు వచ్చింది అలాగే.

కంప్యూటరు ఫాంటు ప్రింటు తీసి దిద్దొద్దు. పెళ్ళిపత్రిక అయిపోతుంది. ఉత్తరం దొరికితే అందులోని చేతిరాతనే పెద్దది చేసి కార్బన్ పేపరుతో దించుకోండి. రాయడం రాని మనిషి మాట అయితే మీ చేతిరాతలో రాసి, చివర ఆమె వేలిముద్ర వేయించండి. మా అవ్వ మొదట ఒప్పుకోలేదు, "బ్యాంకుల అప్పు తీసుకున్నట్టున్నది" అంది.

సిరా: నీటికి చెదరని నల్ల ఇండియన్ ఇంకు. దీపపు మసిలో తుమ్మబంక కలిపి చేసుకోవచ్చు, నలుపు ఇంకా లోతుగా ఉంటుంది, కానీ తడి తగిలితే చెరుగుతుంది.

7. మనుషులు

ఫోటోను చూసి అచ్చు దించొద్దు. జ్ఞాపకంలో మనిషి ముఖం కన్నా ముందు వచ్చేది ఇంకేదో ఉంటుంది. అది కనిపెట్టి తొమ్మిది గడుల్లోనూ వదలకుండా మోయండి. మా నాయినకు అది ఎడమ భుజం మీద తువ్వాల. వయసు మీదపడుతుంది, జుట్టు నెరుస్తుంది, తువ్వాల మాత్రం అదే. చూసేవాళ్ళు ఏ గడిలోనైనా ఆయన్ను పట్టేస్తారు. పటంలో మనుషుల ఎత్తు దూరాన్ని బట్టి ఉండక్కర్లేదు, ముఖ్యాన్ని బట్టి ఉంటుంది. అవ్వ బస్సు కన్నా పెద్దగా ఉన్నా తప్పు లేదు.

తెలంగాణ మనుషుల్ని గీయడం మొదలుపెట్టగానే చేయి చిత్రకారుడు తోట వైకుంఠం వైపు పోతుంది. పెద్ద బొట్టు, నల్లటి నిగనిగ, గీటు గీటుగా చీర అంచు. ఆయన చూసిన ఆడవాళ్ళు వాళ్ళు. మీ మేనత్త బొట్టు ఎంతుండేదో ఆమెనే అడగండి.

ఇంట్లో లేని మనిషిని గీయడం అన్నిటికన్నా కష్టం. పండుగ గడిలో పీట మీద నాయిన ఆకారం ఉన్నంత మేర రంగు వేయకుండా ఖాళీ బట్టను వదిలేశాను. చుట్టూ అందరికీ రంగులు ఉంటాయి. ఆ ఖాళీ చెదరకుండా ఉండాలంటే ముందే పెన్సిల్ గీతకు లోపల మాస్కింగ్ టేపు అంటించండి.

8. రంగు

గడి తర్వాత గడి పూర్తి చేసుకుంటూ పోతే మొదటి గడి ఎరుపు, ఆరో గడి ఎరుపు కలవవు. లారెన్స్ తన 60 పలకలనూ పరుచుకొని, ఒక రంగు తీసుకుంటే దాన్ని అవసరమైన అన్ని పలకల మీదా వేసి, అప్పుడు ఇంకో రంగుకు పోయాడు. ముదురు నుంచి లేతకు. ఆ చిత్రమాలకు ఒకే ఊపిరి రావడానికి అదే కారణం. మనకు తొమ్మిదే కాబట్టి ఇంకా సులువు. బట్టను నేల మీద పొడవుగా పరిచి, ఒక్కో రంగుతో పైనుంచి కిందికి మోకాళ్ళ మీద నడవండి.

ఐదు రంగులకు మించకండి. ఊరి గడులకు చేర్యాల ఎరుపే నేల. భీవండి గడులకు ఇన్‌లాండ్ లెటర్ నీలం. ఆ నీలం కోసం చాలా తిరిగాను. పాత ఉత్తరం మడత లోపలి వైపు, ఎండ తగలని చోట చూసి కలిపాను. మీ కథకు అలాంటి రంగు ఏదో వెతకండి: గల్ఫ్ దుప్పటి మెరూనో, పాస్‌పోర్టు ముదురు నీలమో. పోస్టరు కలర్లు చాలు. ఆక్రిలిక్ అయితే నీళ్ళు బాగా కలిపి పలచగా వేయండి, దట్టంగా వేస్తే చుట్టేటప్పుడు విరుగుతుంది. రంగులన్నీ అయ్యాకే సిరాతో గీతలు, ఆ తర్వాత రాత. రాత చివరే రావాలి, లేకపోతే మోచేయి తుడిచేస్తుంది.

ఆరాక 4 అంగుళాల ప్లాస్టిక్ పైపు చుట్టూ, బొమ్మ వైపు బయటికి ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి ముడతలు పడుతుంది. పైన పాత నూలు చీర కప్పండి, పాలిథిన్ వద్దు.

9. విప్పి చూపించడం

గోడకు మొత్తం ఒకేసారి వేలాడదీయకండి. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, పటం కథ చెప్పినట్టే ఒక్కో గడీ విప్పుతూ రాతను పైకి చదవండి. చదవడం రానివాళ్ళు ఉంటారు, వచ్చినవాళ్ళు కూడా వినాలి. ఎవరైనా తప్పు పడితే రంగు దిద్దకండి. అంచులో, ఆ గడి పక్కన, వాళ్ళు అన్న మాట రాయండి. ఒకటిన్నర అంగుళం వదలమన్నది ఇందుకే.

మా ఇంట్లో మొదటి గడి విప్పగానే అవ్వ అంది: "పెట్టె నీలంది గాదు, ఆకుపచ్చ. బస్టాండు దాక మోసింది నేను, నాకెర్కలేదా?" అంచులో రాశాను. మూడో గడి దగ్గర, నాయిన తువ్వాల ఎడమ భుజం మీద కాదు కుడి భుజం మీద ఉండేదని మేనత్త, కాదు ఎడమేనని పెద్దనాయిన. ఇద్దరివీ రాశాను.

జ్వరం గడి వచ్చింది. ట్రేసింగ్ పేపర్ దించి "పిల్లలు మంచిగున్నరు" అని చదివి, కాగితం పైకెత్తాను. చిన్నమ్మ కళ్ళద్దాలు సర్దుకొని తడిబట్ట వైపే చాలాసేపు చూసింది. ఆ జ్వరం పిల్లాడు ఇప్పుడు బట్టతలతో ఆమె పక్కనే కూర్చొని ఉన్నాడు. "గది మా ఇంటి బట్ట గాదు," అంది చివరికి. "మా ఇంట్ల మెత్తటి బట్ట లేదని మీ అవ్వ కొంగు చింపిచ్చింది. పచ్చ చీర." అవ్వ ఏమీ అనలేదు.

అప్పటికే ఆ గడి పక్క అంచు పెద్దనాయిన మాటలతో నిండిపోయింది. పటాన్ని తిరగేసి, సరిగ్గా ఆ తడిబట్ట వెనక వచ్చేలా చూసుకొని, అక్కడ రాశాను.